సెంటు కాదు, చోటు కావాల

(ఇళ్ళ స్థలాల అర్జీల గురించి మాట్లాడుకునేదానికి తిరుపతి పక్కన ఒక దళితవాడ జనం పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పనికి పొయ్యి వచ్చి, కాళ్ళు కడుక్కున్నారో లేదో, ఇక్కడికొచ్చి కూర్చున్నారు. అందుకని సుద్దులు చెప్పను. సభ మొదలయ్యే ముందర ఒక అవ్వ నన్ను పట్టుకోని అడిగింది. "నాయనా, మా ఇంట్లో మూడు పట్టాలుండాయి. మీ తాత పేర ఒకటి, నా పేర ఒకటి, కోడలి పేర ఒకటి. అందరం పడుకునేది మాత్రం ఒకటే కొట్టంలో. ఇదేం లెక్క?" ఈ పొద్దు నేను మాట్లాడేదంతా ఆ అవ్వకు జవాబు.

మా అమ్మకు కూడా 1980ల్లో రెండు సెంట్ల పట్టా ఇచ్చినారు. కాగితం మీద హద్దులుండాయి, నేల మీద లేవు. బండలు, కంపచెట్లు ఉండే మిట్ట. నీళ్ళు లేవు. దోవకు పక్క పొలం ఆసామి ఒప్పుకోలేదు. కొన్నేళ్ళకు ఇంకో కాగితం వచ్చింది: ఇల్లు కట్టలేదు కాబట్టి పట్టా రద్దు. దోవ ఇయ్యనోళ్ళే ఎందుకు కట్టలేదని అడిగినారు. పట్టా ఇచ్చినట్టు లెక్కల్లో మాత్రం మా అమ్మ పేరు ఉండనే ఉండింది. ప్రభుత్వాలు పట్టాలను లెక్కపెడతాయి. మనం చోటును లెక్కపెట్టాల. ఆ రెండింటికీ మధ్య ఉండే తేడాలోనే మన మూడు తరాలు గడిచిపోయినాయి.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రికార్డులు తిరగేస్తే ఊరి పేరు పక్కన 'ఏఏడబ్ల్యూ' అని ఉంటుంది. పిల్లోళ్ళకు అదేందో తెలీదు. ఆది ఆంధ్ర వాడ అని దానర్థం. ఊరు వేరే, వాడ వేరే అని సర్కారు రికార్డే గీత గీసి పెట్టింది. ఆ గీత సంగతి బాబాసాహెబ్ ఎప్పుడో పట్టుకున్నాడు. 1942లో నాగపూర్‌లో జరిగిన మహాసభలో అంటరాని కులాలకు వేరే గ్రామాలు కావాలని తీర్మానం జరిగింది. 1947లో రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో, అందుకోసం ఒక సెటిల్‌మెంట్ కమిషన్ పెట్టి, సాగులో లేని ప్రభుత్వ భూమి దానికి అప్పజెప్పమన్నాడు. బాబాసాహెబ్ అడిగింది భూమితో కూడిన ఊరు. మనకు దక్కింది సెంట్ల లెక్క.

ఆ సెంట్లు కూడా దయతో రాలేదు. 1985 జూలై 17న కారంచేడులో మనోళ్ళను చంపితే, మిగిలినోళ్ళు ఊరొదిలి చీరాలకు పొయ్యినారు. మళ్ళీ ఆ ఊరికి పోమని పట్టుబట్టినారు. శిబిరంలో ఉండి పోరాడినారు. చివరికి చీరాలలో విజయనగర్ కాలనీ కట్టక తప్పలేదు. అదే 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ పెట్టినప్పుడు అది ఎస్సీ, ఎస్టీలకూ, వెట్టి నుంచి విడిపించిన కూలీలకూ అని పెట్టింది. 1993-94లో మిగతా పేదలకు కూడా ఇచ్చినారు. పేదలందరికీ ఇయ్యడం తప్పని నేననను. మనోళ్ళ వంతు ఎక్కడ పడింది, ఎన్ని ఇళ్ళు నిలబడినాయి అని అడిగేది మానకూడదంటా ఉండా.

ఇంగ పట్నానికి వస్తాం. తిరుపతి దినదినం పెరుగుతా ఉండాది. తెల్లారకముందే వీధులూడ్చేది, కాలవలు తీసేది, లాడ్జీల్లో దుప్పట్లుతికేది, కట్టడాల్లో ఇటుకలు మోసేది ఎవరు? తిరుపతిలో స్కావెంజర్స్ కాలనీ అని ఒక పేటకు పేరే ఉండాది. మనుషులు చేసే పని పేరు పెట్టి కాలనీ కట్టిన పట్నం, ఆ మనుషుల బిడ్డలకు ఇల్లు ఎక్కడ చూపిస్తా ఉండాది?

ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015లో వచ్చింది. దాని కింద మన రాష్ట్రంలో పట్నం పేదలకు టిడ్కో అపార్టుమెంట్లు మొదలుపెట్టినారు. 300, 365, 430 చదరపు అడుగులు. తిరుపతి పేదలకు చూపించిన చోట్లలో ఒకటి వికృతమాల. రేణిగుంట దాటి ఏర్పేడు మండలంలో. తెల్లారి నాలుగింటికి చీపురు పట్టాల్సిన అక్క ఏ బస్సులో రావాల? ఆ టైముకు బస్సుండాదా? వెనకటికి ఊరవతల వాడ పెట్టినారు. ఇప్పుడు పట్నమవతల కాలనీ పెడతా ఉండారు. గీత అదే, మైళ్ళు పెరిగినాయి.

అప్పు సంగతి కూడా చూడండి. మొదట పెట్టిన లెక్కలో 300 అడుగుల ఇంటికి లబ్ధిదారు పేర బ్యాంకు అప్పు 2.65 లక్షలు. నెలకు మూడు వేలు, ఇరవై ఏండ్లు కట్టాల. వేళ్ళ మీద లెక్కేసుకోండి: 7.20 లక్షలవుతుంది. కూలి మనిషికి ఇరవై ఏండ్లు నెలనెలా మూడు వేలంటే, ఒక కాన్పో, ఒక రోగమో వస్తే ఇల్లు బ్యాంకుకే. తర్వాతి ప్రభుత్వం 300 అడుగుల ఇంటిని రూపాయికే అన్నది. అది మంచిదే. కానీ 365, 430 అడుగుల ఇళ్ళోళ్ళకు అప్పు అట్లనే ఉండింది. తాళాలు చేతికి రాకముందే కంతులు కట్టమని బ్యాంకులు అడుగుతా ఉండాయని ఎన్నో పట్నాల్లో లబ్ధిదారులు మొత్తుకున్నారు.

2020 డిసెంబరులో ముప్పై లక్షలకు పైగా ఇళ్ళ పట్టాలని పండగ చేసినారు. డిసెంబరు 28న మన శ్రీకాళహస్తి దగ్గిర ఊరందూరులోనే ముఖ్యమంత్రి పంచినాడు. పట్టాలు ఆడోళ్ళ పేర ఇచ్చినారు, అది మనం నిలుపుకోవాల్సిన విషయం. కానీ ఎంత ఇచ్చినారు? పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. మన తిరుపతి కొలతలో అంకణమంటే 36 చదరపు అడుగులు. సెంటంటే పన్నెండు అంకణాలు. అందులో పొయ్యి ఎక్కడ, గొర్రె ఎక్కడ, కూతురు కాన్పుకొస్తే మంచమెక్కడ? కట్టుకునేదానికి ఇచ్చింది 1.80 లక్షలు. బేల్దారికి, కమ్మీకి, సిమెంటుకు ఇప్పుడుండే రేట్లకు అది గోడల కాడికే చాలదు. మిగిలింది అప్పు. అందుకే ఎన్నో కాలనీల్లో పునాదులు మొలిచినాయి, ఇళ్ళు మొలవలేదు. 2025లో ఈ ప్రభుత్వం సగంలో నిలిచిన ఇళ్ళకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ఇస్తామన్నది. కొత్త స్థలాలు పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు అన్నది. అన్నమాటను కాగితం మీద పట్టుకోని నిలదీసేది మన పని.

ఇది మనకు మాత్రమే జరగతా ఉండే అన్యాయం కాదు. అమెరికాలో 1930ల్లో ప్రభుత్వ సంస్థే పట్నాల మ్యాపులు గీసి, నల్లోళ్ళ పేటలకు ఎర్రరంగు పూసింది. ఆ పేటల్లో ఇంటికి అప్పు పుట్టకుండా పోయింది. తెల్లోడు ఇల్లు కొనుక్కోని, దాని మీద బిడ్డను చదివించుకున్నాడు. నల్లోడు బాడుగ కడతా ముసలోడైనాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగును చంపిన వారానికి, ఇండ్ల విషయంలో వివక్ష చూపకూడదని చట్టం చేసినారు. చట్టమొచ్చినా ఆ ఎర్రగీతలు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. ఇల్లంటే నీడ ఒక్కటే కాదు. తర్వాతి తరానికి ఇచ్చే ఆస్తి. అందుకే చోటు ఎక్కడనేది అంత ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయం. మన వాడోళ్ళకు డి.కె.టి. పట్టా భూములుండాయి. పట్నం ఆ పక్కకే పాకుతా వస్తా ఉండాది. సర్వేయర్లు గొలుసు పట్టుకోని తిరగతా ఉండారని మీరే చెప్పినారు. పేదలకు ఇళ్ళ స్థలాలియ్యాల, భూమి ఇయ్యండి అంటారు. మన ఎకరా తీసుకోని మనకే రెండు సెంట్లు ఇచ్చి, దానికి దండ వేయించుకుంటారు. ఇంకో పేదోడికి స్థలం వద్దని మనమనం. కానీ పేదోడి భూమే ఎందుకు? ఊరి పెద్దల ఆక్రమణలో ఉండే పోరంబోకు వాళ్ళ కండ్లకు కనపడదా?

డి.కె.టి. భూమి సర్కారుదే, నష్టపరిహారం లేదని ఎవరైనా అంటే నమ్మొద్దండి. 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది: ప్రజావసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే, సొంత పట్టా రైతుకు ఇచ్చినట్టే పరిహారమియ్యాల. 2013 భూసేకరణ చట్టంలో కూడా ప్రభుత్వం భూమి ఇచ్చిన కుటుంబాలను బాధిత కుటుంబాల్లో చేర్చినారు. ఈ రెండు మాటలూ బిడ్డలు నోట్‌బుక్కులో రాసుకోండి.

చెయ్యాల్సింది నాలుగే పనులు.

ఒకటి. ప్రతి ఇంట్లో ఉండే పట్టాలన్నీ తీసుకొచ్చి, సర్వే నంబరు, తేదీ, ఎవరి పేర అనేది ఒక పుస్తకంలో ఎక్కించండి. చదువుకున్న ఆడబిడ్డలు రాయాల.

రెండు. లబ్ధిదారుల జాబితా, లేఅవుటు మ్యాపు సమాచార హక్కు చట్టం కింద అడగండి. దారిద్ర్యరేఖకు దిగువనుండే వాళ్ళకు రుసుం లేదు.

మూడు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర ఎయ్యొద్దండి. భూమి ఒప్పగించేది ఒక్కొక్కరుగా మాట్లాడొద్దండి. కుటుంబానికో కబురు పంపి విడదీస్తారు, జాగ్రత్త.

నాలుగు. అర్జీలో 'స్థలం ఇప్పించండి' అని రాయొద్దండి. ఎక్కడ, ఎంత, ఏ దోవ, ఏ నీళ్ళు, ఏ బస్సు, ఎంత డబ్బు అని రాయండి. పని చేసే చోటికి నడిచిపొయ్యేంత దూరంలో కావాలని రాయండి.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. ఒక్కరు పోతే అర్జీ, వాడంతా పోతే అది లెక్క.

అవ్వా, నీ మూడు పట్టాలూ ఆ పొద్దు కొంగున కట్టుకోని రా. ఇంత దూరం నుంచి అడిగిన ప్రశ్నను అక్కడ గట్టిగా అడుగు: "పట్టాలు మూడుండాయి, చోటెక్కడ?" నీ వెనక మేమందరం నిలబడతాం.

జై భీమ్!