కానుకకు ముందు సహోదరుడు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున జరిగిన పాస్టరేటు కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండమునకు నూరేండ్లు నిండిన ఈ సంవత్సరములో ప్రతి సంఘములోను కృతజ్ఞతార్పణను గూర్చి మాటలాడుకొనుచున్నాము. మందిరమునకు సున్నము వేయించుటకు ఒకరు, తలిదండ్రుల జ్ఞాపకార్థము బల్లలు చేయించుటకు ఒకరు, గంటకు క్రొత్త త్రాడు కొనుటకు మరియొకరు ముందుకు వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన సంగతి. దీనిని తక్కువ చేయుటకు మేము ఇక్కడ నిలువబడలేదు. అయితే కానుకను గూర్చి మన ప్రభువు చెప్పిన మాట ఒకటి ఉన్నది. దానిని మనము ఎన్నో మారులు చదివితిమి. చేసినది మాత్రము చాల కొద్ది మారులే.

ఆ మాట మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనములలో ఉన్నది. ఇంటికి వెళ్ళిన తరువాత బైబిలు తెరచి చదువుకొనుడి. దాని భావము ఇది: నీవు కానుక తెచ్చి బలిపీఠము ఎదుట నిలిచి యుండగా, నీ సహోదరునికి నీ వలన కష్టము కలిగినదని నీకు గుర్తు వచ్చినయెడల, కానుకను అక్కడే ఉంచి ముందు అతని యొద్దకు పొమ్ము, అతనితో సమాధానపడి ఆ తరువాత వచ్చి కానుక ఇమ్ము.

ప్రభువు చూచునది ఏమి?

ఈ మాట ఎక్కడ వచ్చినదో చూడుడి. నరహత్య చేయకూడదను ఆజ్ఞను ప్రభువు వివరించుచున్నాడు. మనలో ఎవరిని అడిగినను, "ఆ ఆజ్ఞ మేము మీరలేదండి" అని ధైర్యముగా చెప్పుదుము. ప్రభువు అక్కడ ఆగలేదు. కోపము దగ్గరకు వెళ్ళెను. కోపములో నోటినుండి వచ్చు తిట్టు దగ్గరకు వెళ్ళెను. అక్కడ ఆయన చెప్పిన "రాకా" అనునది అరమేయిక భాషలోని తిట్టు. వట్టి తలకాయవాడని దాని అర్థము. మన వీధులలో దినమంతయు వినబడునది ఈ తిట్టే గదా! "బుర్రలేనివాడా" అని జీతగానిని, "దేనికీ పనికిరానిదానా" అని భార్యను, "నీ బ్రతుక్కి చదువొకటా" అని బిడ్డను అనుచుందుము. చేయి ఎత్తకపోయినను ఎదుటివాని విలువ తీసివేసితిమి. హత్యకు విత్తనము అక్కడ ఉన్నదని ప్రభువు చెప్పుచున్నాడు.

హృదయమనగా మనము కన్నులు మూసికొని ప్రార్థించునప్పుడు మాత్రమే ఉపయోగపడు వస్తువు కాదు. కాటా ముల్లును చూచుకొను చూపులో హృదయమున్నది. కూలి లెక్క కట్టు చేతిలో ఉన్నది. కోడలిని పిలుచు పిలుపులో ఉన్నది. ఆదివారమున దానిని శుభ్రపరచుకొని వచ్చి, సోమవారమున ఇంటిలో వదలిపోవుటకు వీలులేదు.

ఎంత దూరము వెళ్ళవలెను?

ప్రభువు ఈ ప్రసంగము గలిలయలో చేసెను. బలిపీఠము ఉన్నది యెరూషలేములో. ఆ రెంటి మధ్య ఇంచుమించు 120 కిలోమీటర్లు. కాలినడకన మూడు నాలుగు దినముల ప్రయాణము. వినుచున్న ఆ రైతులు, జాలరులు పండుగకు డబ్బు కూడబెట్టుకొని, అంత దూరము నడచి, బలి పశువును కొని, జనసందోహములో నిలిచి తమ వంతు కొరకు కనిపెట్టువారు. అట్టివాడు తీరా బలిపీఠము చేరిన తరువాత, ఊరిలో ప్రక్క ఇంటివానికి తాను చేసిన అన్యాయము జ్ఞాపకము వచ్చినయెడల ఏమి చేయవలెను? మూడు దినములు వెనుకకు నడువవలెను. సమాధానపడి మరల మూడు దినములు ముందుకు నడువవలెను. విన్నవారు నివ్వెరపోయి యుందురు. వారము దినముల ఆలస్యమైనను, ఖర్చు రెండింతలైనను, పగతో కూడిన కానుకకంటె అదియే మేలని ప్రభువు ఎంచెను.

మన సహోదరుడు మూడు దినముల దూరములో లేడు. ఎదుటి వీధిలో ఉన్నాడు. అనేకమారులు అదే మందిరములో నాలుగు బల్లల వెనుక కూర్చుండి యున్నాడు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, సమాధానపడుట అని చెప్పుటకు సువార్తికుడు వాడిన గ్రీకు క్రియాపదము క్రొత్త నిబంధనలో మరెక్కడను రాలేదు. పగను విడిచి స్నేహమునకు మారుట అని దాని భావము. పైకి పలుకరించి లోపల లెక్కలు దాచుకొనుట సమాధానము కాదు. రెండవది, అతనిమీద నీకు ఫిర్యాదు ఉన్నయెడల అని ప్రభువు ఇక్కడ చెప్పలేదు. నీమీద అతనికి ఉన్నయెడల అని చెప్పెను. మనకు ఇతరులు చేసిన కీడు మనకు బాగుగా గుర్తుండును. దానికి తేదీ, వారము కూడ చెప్పగలము. మనము చేసినదానిని మరచిపోవుదుము. ప్రభువు బలిపీఠము నొద్ద మనకు జ్ఞాపకము చేయునది ఈ రెండవదానినే.

మన ఆరాధనలోనే ఈ పాఠమున్నది

దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. 1950లో మొదటిమారు వాడబడిన మన సంస్కార ఆరాధన క్రమములో, కానుకలు తెచ్చుటకు ముందు సమాధానము ఇచ్చిపుచ్చుకొను భాగము ఉంచబడినది. ఇచ్చువాడు తన కుడి అరచేతిని పుచ్చుకొనువాని కుడి అరచేతికి ఆనించును. ఒకరి కుడిచేతిని మరియొకరు ఎడమచేతితో మూయుదురు. గురువు నుండి పెద్దలకు, పెద్దల నుండి సంఘమంతటికిని అది ప్రాకిపోవును. కానుక పళ్ళెము తరువాత వచ్చును. ఈ వరుస ప్రభువు చెప్పిన వరుసయే: ముందు సహోదరుడు, తరువాత కానుక.

ఆ కొద్ది నిమిషములలో మన చేతులు ఎవరివైపు వెళ్ళుచున్నవో ఎప్పుడైన గమనించితిమా? ప్రక్కనున్న బంధువుకు ఇచ్చి, ఆ ప్రక్కవానిని చూడనట్లు పాటల పుస్తకము తెరచుకొనుచున్నామా? మాల, మాదిగ అను భేదము బాప్తిస్మపు నీటిలో మునిగిపోయినదని మనము ప్రసంగించుచున్నాము. కాని పిల్ల సంబంధము వచ్చినప్పుడు అది తేలుచున్నది. కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఒడ్డుకు ఎక్కి కూర్చుండుచున్నది. పై కులములనుండి వచ్చిన క్రైస్తవ కుటుంబములలోను ఇది లేదని చెప్పలేము. ఊరివారు మనలను ఊరి వెలుపల ఉంచిరని బాధపడిన మనము, ప్రభువు బల్ల చుట్టును మరల వీధులు గీయుట ఎంత అన్యాయము!

మన పితరులు ఎట్లు బ్రతికిరి?

నూరేండ్ల పండుగలో మన పెద్దలను పొగడుదుము. వారు చేసినది కూడ తెలిసికొనవలెను. ఒంగోలు ప్రాంతమున 1860లలో సువార్తను అంగీకరించిన మాదిగ కుటుంబములు చచ్చిన పశువుల మాంసము తినుట మానిరి, ఆదివారమున పని మానిరి, విగ్రహారాధన మానిరి. భోజనము, పని, పూజ మూడును ఒక్కసారి మారినవి. ఊరి పెద్దల కోపమునకు గురియైనను వారు వెనుదీయలేదు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్ బిషప్పు అయిరి. ఆయన కాలమున ఆ అధ్యక్ష ఖండములోని గ్రామములలో కొందరు రైతు కులములవారు కూడ సంఘములో చేరిరి. దానికి ఒక ముఖ్య కారణము, తమ పొలములలో పనిచేయు పేద క్రైస్తవుల బ్రతుకులో కలిగిన మార్పును వారు కన్నులార చూచుటయేనని అజరయ్యగారు పలుమారులు చెప్పిరి. త్రాగుడు మానినవానిని, దొంగతనము విడిచినవానిని, భార్యను కొట్టని భర్తను ఊరు చూచినది. ఆ బోధకులలో అనేకులకు పెద్ద చదువు లేదు. వారి ప్రసంగములకంటె వారి సోమవారము గట్టిగా మాటలాడినది.

ఆ సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము తీసిన ప్రతిమారును ఒక గుప్పెడు ప్రభువుకని వేరు కుండలో వేసిరి. కానుక అట్లు పొయ్యి దగ్గర మొదలైనది. పొయ్యి దగ్గరనే తిట్లును మొదలగునని మనకు తెలియును. గుప్పెడు బియ్యము తీయు చేయియు, ఆ వేళ పలుకు నోరును ఒకే యజమానునివి కావలెను.

ఇల్లు, గట్టు, ప్రోనోటు

ఇప్పుడు మన దినచర్యలోనికి వత్తము. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. మూడు ఆదివారములు మందిరములో వివాహ ప్రకటన చదువుచుండగా, ఇంటి వెనుక బేరములు జరుగుచునే యున్నవి. ఆడపిల్ల తండ్రి పొలము తాకట్టుపెట్టి తెచ్చిన డబ్బులోనుండి పెండ్లివారు దశమభాగము తీసి కానుక వేసినయెడల, ఆ తండ్రి నిట్టూర్పు కూడ పళ్ళెములో పడినది. స్నేహితుని అవసరము చూచి ఎక్కువ వడ్డీకి ప్రోనోటు వ్రాయించుకొనినవారు, కూలివారికి ఇవ్వవలసినది రేపు మాపని త్రిప్పినవారు, చీటీ డబ్బు ఎగవేసినవారు, వీరందరు ప్రార్థన మానలేదు. ప్రార్థనయు నడచుచున్నది, అదియు నడచుచున్నది. మధ్యలో హృదయము మాత్రము రెండు ముక్కలైనది.

మేము పరిచర్య చేసిన ఒక గ్రామములో ఇద్దరు అన్నదమ్ములు పదునొకండేండ్లు మాటలాడుకొనలేదు. తగవు రెండు సెంట్ల భూమి. అన్న గట్టును కొద్దికొద్దిగా తమ్ముని చేనిలోనికి జరిపెను. ఇద్దరును సంస్కారమునకు వచ్చువారు; ఒకరు మొదటి వరుసలో, ఒకరు చివర. ఒక శ్రమకాలమున ఈ వాక్యమును ధ్యానించిన తరువాత, అన్న ఎవరితోను చెప్పక సర్వేయరును పిలిపించి గొలుసు వేయించి, పాత హద్దున రాళ్ళు పాతించెను. శనివారము సాయంత్రము తమ్ముని ఇంటికి వెళ్ళి, "నీ చేను నీకొచ్చింది రా. పదకొండేండ్ల పంటకు లెక్క కట్టు, ఇస్తాను" అనెను. తమ్ముడు ఏమియు పలుకలేదు. చాలసేపటికి లేచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అన్న చేతికిచ్చెను. అంతే. మరునాడు వారు కౌగిలించుకొనలేదు. లెక్క తేలుటకు రెండు పంటలు పట్టినది. ఇప్పటికిని వేరు వేరు బల్లలమీదనే కూర్చుందురు. అయితే సమాధానము ఇచ్చువేళ తమ్ముడు తన స్థలము విడిచి ముందుకు వచ్చుచున్నాడు.

క్షమాపణ పేరిట అన్యాయము వద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. సమాధానము అను మాటను మనము అనేకమారులు బలహీనుల నోరు మూయుటకు వాడితిమి. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన స్త్రీతో, "క్షమించి వెళ్ళమ్మా, క్రైస్తవురాలవు గదా" అని చెప్పి పంపుట తేలిక. ప్రభువు ఈ వచనములో దెబ్బ తిన్నవానిని పొమ్మనలేదు, కొట్టినవానిని పొమ్మనెను. నడువవలసినది కీడు చేసినవాడు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో వచ్చినది. ఆమె దాని సహాయము కోరినయెడల సంఘము ఆమె ప్రక్కన నిలువవలెను గాని సిగ్గుపరచకూడదు. జక్కయ్యను చూడుడి. లూకా సువార్త 19వ అధ్యాయములో అతడు ప్రభువుకు విందు చేసి ఊరకుండలేదు. ఆస్తిలో సగము బీదలకని, అన్యాయముగా తీసికొనినది నాలుగంతలుగా తిరిగి ఇత్తునని చెప్పెను. తిరిగి ఇచ్చుట లేని పశ్చాత్తాపము నాలుకమీదనే ఎండిపోవును.

ఎట్లు వెళ్ళవలెను?

మొదట, ఒంటరిగా వెళ్ళుడి. పదిమందిని వెంటబెట్టుకొని పోయినయెడల అది పంచాయతీ అగును.

రెండవది, మీ తప్పు మాత్రమే చెప్పుడి. "నేను చేసింది తప్పే, కాని నువ్వు మాత్రం..." అని మొదలుపెట్టిన మాట తగవును మరల తెరచును.

మూడవది, వట్టి చేతులతో పోవద్దు. బాకీ ఉన్నయెడల బాకీ, గట్టు జరిపినయెడల గట్టు, పరువు తీసినయెడల ఎవరి ఎదుట తీసితిమో వారి ఎదుటనే దిద్దుబాటు.

నాలుగవది, అతడు వెంటనే అంగీకరింపకపోయినను కోపపడవద్దు. మన చేతనైనంత మట్టుకు సమాధానముగా ఉండుమని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. మన వంతు మనది. అతని సమయము అతనిది. కొన్ని గాయములు త్వరగా మానవు.

ప్రియులారా, కృతజ్ఞతార్పణ ఆదివారమునకు ఇంకను కొన్ని వారములు ఉన్నవి. కవరుమీద పేరు, మొత్తము వ్రాసికొనుటకు ముందు ప్రతి ఇంటిలోను ఒక సాయంకాలము దీపము దగ్గర కూర్చుండి, మన వలన కష్టపడినవారి పేరులు తలచుకొందము. ఒక్క పేరైనను వచ్చును. ఆ పేరు గలవాని గుమ్మము ముందుగా ఎక్కుదము. ఈ సంవత్సరము కానుక పుస్తకములో మొత్తము కొంత తగ్గినను మన అధ్యక్ష ఖండమునకు నష్టము లేదు. మాటలాడుకొనని రెండు ఇండ్లు మరల నిప్పు, నీళ్ళు ఇచ్చిపుచ్చుకొనిన యెడల, ఆ లెక్క ప్రభువు వ్రాసికొనును.

సమాధానకర్తయగు దేవుడు మన హృదయములను, మన ఇండ్లను, మన గట్లను కూడ కాపాడును గాక. ఆమేన్.