బాగుచేయించిన బండి: అమ్మేటప్పుడు చెప్పాలా, అక్కర్లేదా?



నాకిచ్చిన అంశం "వ్యాపారంలో నిజాయితీ". అంత పెద్ద మాట మీద మాట్లాడితే అందరూ తలలూపుతారు, ఇంటికెళ్ళేసరికి మరచిపోతారు. బడిలో పిల్లలకు చెప్పినా అంతే. అందుకని ఒక్క సంగతే తీసుకుంటాను. ఈ హాల్లో పాత కార్ల బేరం చేసేవారున్నారు. మెకానిక్ షెడ్లు, టింకరింగ్, పెయింటింగ్ పనులు నడిపేవారున్నారు. మిగిలినవాళ్ళం కూడా ఎప్పుడో ఒకప్పుడు పాత బండి అమ్మేవాళ్ళమే. యాక్సిడెంట్ అయిన బండినో, వరదలో మునిగిన బండినో డబ్బు పెట్టి బాగుచేయించాం. ఇప్పుడు అమ్ముతున్నాం. ఆ సంగతి కొనేవాడికి చెప్పాలా?

"అడిగితే చెప్తాం, అడక్కపోతే మనకెందుకు మాస్టారూ" అనేవాళ్ళే ఎక్కువ. ఈ మాటకు చట్టంలో కొంత ఆసరా ఉంది, కాదనను. మన కాంట్రాక్టుల చట్టం 1872 నాటిది. అందులో 17వ సెక్షన్ కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ ఒకడు వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మేస్తాడు. ఒట్టి మౌనం మోసం కాదంటుంది చట్టం. కానీ అక్కడితో ఆగదు. కొనేది అప్పుడే మేజరైన సొంత కూతురైతే చెప్పి తీరాలంటుంది. కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అన్నాక కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం నోటితో చెప్పిన మాటతో సమానమంటుంది. పైగా తెలిసిన విషయాన్ని పనిగట్టుకొని కప్పిపెట్టడం మోసమేనని అదే సెక్షన్‌లో ఉంది. సొట్టలో లప్పం నింపి, పైన రంగు కొట్టి, "ఒరిజినల్ పెయింట్ భాయ్" అనేవాడు మౌనంగా ఉన్నట్టా?

మనకు చట్టం ఒక్కటే కొలబద్ద కాదు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంగతి మీకందరికీ తెలుసు. వాన పడిందన్నాడు వ్యాపారి. వాన పడటం అతని తప్పు కాదు. తడిసిన గింజలను పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదన్నదే అక్కడి ప్రశ్న. బుడమేరు పొంగి కారు మునగడం కూడా ఎవరి తప్పూ కాదు.

ఇక్కడ గట్టి వాదం ఒకటి ఎదురవుతుంది. "తడిసిన గింజలు తడిగానే ఉన్నాయి. నేను తొంభై వేలు పెట్టి బండిని కొత్తదానిలా చేయించాను. ఇంకా లోపమెక్కడిది?" దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. హనఫీ ఫిఖ్‌హ్‌లో లోపానికి ఒక నిర్వచనం ఉంది. వ్యాపారుల వాడుకలో దేనివల్ల ధర తగ్గుతుందో అదే లోపం. అంటే తీర్పు అమ్మేవాడి మనసుది కాదు, బజారుది. మరి బజారేమంటోంది? మన బేరగాళ్ళే బండి కొనేటప్పుడు డోరు రబ్బరు లాగి వెల్డింగ్ చుక్కలు చూస్తారు. బానెట్ బోల్టుల మీద రంగు పగిలిందేమో చూస్తారు. జేబులోంచి అయస్కాంతం తీసి రేకుకు ఆనించి, అంటుకోకపోతే లప్పం ఉందని ముప్పై వేలు తగ్గించమంటారు. కొనేటప్పుడు లోపమైనది అమ్మేటప్పుడు కాకుండా ఎలా పోతుంది?

నా పాత విద్యార్థి తండ్రి ఒకాయన ట్యాక్సీకి తిప్పుకుందామని, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. 2024 సెప్టెంబరులో విజయవాడలో మునిగిన బండి అది. బయటికి అద్దంలా ఉంది. నాలుగు నెలలకు ఒక్కో లైటూ ఆగిపోవడం మొదలైంది. తర్వాత దారి మధ్యలో బండే ఆగింది. నీళ్ళు దిగిన వైరింగ్ అంతే. కనెక్షన్ల దగ్గర చిలుము పట్టడానికి నెలలు పడుతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనబడింది, కానీ అప్పటికే ఆలస్యం. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె గేరు దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. అది పనిచేస్తుందో లేదో యాక్సిడెంట్ అయ్యేదాకా తెలియదు. ధర సంగతి సరే, ఇది ప్రాణం సంగతి.

అలాగని బంపరు మీద గీత పడితే రంగు వేయించినదీ, టైర్లు మార్చినదీ చదివి వినిపించమని నేననను. పిల్లరు, ఛాసిస్ పని, విచ్చుకున్న ఎయిర్‌బ్యాగులు, ఇంజన్ మార్పిడి, నీట మునగడం, మీటరు వెనక్కి తిప్పడం, ఇన్సూరెన్సువారు టోటల్ లాస్ కట్టడం... ఇవి అడక్కపోయినా చెప్పాలి. టోటల్ లాస్ అంటే బాగుచేసే ఖర్చు బండి ఇన్సూరెన్సు విలువలో 75 శాతం దాటిందని. అలాంటి బండి వేలంలో పోయి మళ్ళీ రోడ్డెక్కితే, ఆ చరిత్ర దానితోపాటే రావాలి.

"ఏ లోపానికీ నాది బాధ్యత కాదు అని ముందే చెప్పి అమ్ముతాం" అంటారు కొందరు. హనఫీ ఉలమా ఆ షరతును ఒప్పుకున్నారు, నిజమే. అది వాపసు బాధ్యత నుంచి తప్పించేదే గానీ, తెలిసి దాచడానికి అనుమతి కాదు.

చెబితే నష్టం లేదని కూడా నేననను. ఉంటుంది. నిజం చెప్పినవాడు పాతికవేలు తక్కువకు అమ్ముకుంటే, దాచినవాడు పక్కవీధిలో పూర్తి ధర తెచ్చుకుంటాడు. బిల్లులన్నీ దాచిపెట్టి చూపిస్తే కొంత తిరిగి వస్తుంది, అంతా రాదు. ఆ తగ్గిన పాతికవేలు మన డబ్బు కాదు, కొనేవాడిది. అది వాడి దగ్గరే ఉండిపోయింది.

కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) గురించి చెబుతారు. లోపమున్న బట్టను భాగస్వామి చెప్పకుండా అమ్మేస్తే, వచ్చిన సొమ్మంతా ఆయన దానం చేసేశారట. లాభం ఒక్కటే కాదు, మొత్తం. మన దాతల్లో కొందరికి ఈ కథ చాలా ఇష్టం. కార్యదర్శి గారు కోపగించుకోకపోతే ఒక మాట. ఆయన దానం చేసింది కొన్నవాడు దొరకనందువల్ల. మనకు కొన్నవాడి పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి. అలాంటి సొమ్ము ముందు అతనికి చేరాలి, మన రసీదు పుస్తకానికి కాదు.

ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టే రోజే ఇంకో తెల్లకాగితం తీసుకోండి. బండికి ఏ సంవత్సరంలో ఏం జరిగింది, ఏం మార్చారు, ఎక్కడ చేయించారు, ఎన్ని క్లెయిములు తీసుకున్నారు, మీటరు రీడింగు నిజమైనదేనా అన్నవి తెలుగులోనే రాసి ఇద్దరూ సంతకం చేసి చెరొక కాపీ ఉంచుకోండి. రేపు తగాదా వస్తే అమ్మినవాడికీ అదే అండ. ఇంజన్ మార్చి ఉంటే, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కిందో లేదో కూడా అందులో రాయండి.