పాత బాణీలో కొత్త పాట: స్వీడన్ బృందం హామర్‌ఫాల్



ఈనాటి ప్రసంగ విషయం స్వీడన్ దేశానికి చెందిన హామర్‌ఫాల్ అనే పవర్ మెటల్ బృందం. ఈ బృందం పుట్టింది 1993లో. కాని దాని పాటలు విన్నవాళ్లు పదేళ్లు వెనక్కి వెళ్తారు. గిటార్ల మోత, డోళ్ల వేగం, తారస్థాయిలో సాగే గొంతు, అందరూ కలిసి అందుకునే పల్లవి అన్నీ 1980ల నాటివే. ఈ బృందాన్ని ఆధారంగా చేసుకుని మనం ఒక ప్రశ్నకు జవాబు వెతుకుదాం. కాలం గడిచిపోయిన సంగీతాన్ని మళ్లీ వినిపించడం అనుకరణ అవుతుందా, సంప్రదాయాన్ని నిలబెట్టడం అవుతుందా? ఈ రెండింటినీ ఎలా వేరుచేసి గుర్తించాలి?

ఈ ప్రసంగాన్ని మధ్య అండమాన్‌లోని రంగత్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని తయారుచేశాం. దానికి కారణం ఉంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. ఆనాడు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన నేటి శ్రీ విజయ పురంతో పాటు ఆ కేబుల్ చేరిన చోట్లలో రంగత్ కూడా ఒకటి. అంతకుముందు ఉపగ్రహం ద్వారా అందే కొద్దిపాటి సామర్థ్యంతోనే దీవులవాసులు సరిపెట్టుకునేవారు. ఇప్పుడు 1982లో వచ్చిన తెలుగు పాట, 1984లో లండన్‌లో వచ్చిన పాట, నిన్న విడుదలైన పాట ఒకే తెరమీద పక్కపక్కన కనిపిస్తున్నాయి. ఏ పాట ఏ కాలానిదో, ఎందుకు అలా ఉందో ఆ తెర చెప్పదు. ఆ వివేకం వినేవాళ్లే సంపాదించుకోవాలి.

హెవీ మెటల్ నుంచి పవర్ మెటల్ దాకా

ముందుగా పదాల అర్థాలు తెలుసుకుందాం. హెవీ మెటల్ ఆరంభాన్ని చాలామంది 1970లో వచ్చిన బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్‌తో లెక్కిస్తారు. ఆ బృందం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ అనే కర్మాగారాల నగరంలో పుట్టింది. 1980ల్లో ఐరన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్, జర్మనీకి చెందిన యాక్సెప్ట్ వంటి బృందాలు ఈ సంగీతానికి వేగాన్ని, స్పష్టమైన బాణీని ఇచ్చాయి. జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన హెలోవీన్ బృందం 1987, 1988 సంవత్సరాల్లో రెండు భాగాలుగా విడుదల చేసిన ఆల్బమ్‌లు దీన్ని మరింత వేగవంతం, మరింత మధురం చేశాయి. వీరగాథల వంటి ఇతివృత్తాలు, ఉత్సాహపరిచే పల్లవులు ఇందులో ఎక్కువ. ఈ శాఖకే పవర్ మెటల్ అని పేరు స్థిరపడింది.

ఈ ధ్వని వెనుక శాస్త్రం

గిటార్ మోత అంత బలంగా ఎందుకు వినిపిస్తుంది? మన సంగీతం తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మెటల్ గిటారిస్టులు ఎక్కువగా వాడేది పవర్ కార్డ్. అందులో ఉండేవి రెండే స్వరాలు, షడ్జం, పంచమం. మన తంబురాలో సాధారణంగా శ్రుతి చేసేవి కూడా ఈ రెండే. వీటి పౌనఃపున్యాల నిష్పత్తి 2:3.

షడ్జం సెకనుకు 200 కంపనాలు, పంచమం 300 కంపనాలు అనుకోండి. యాంప్లిఫయర్ ధ్వనిని కావాలనే వికృతం చేసినప్పుడు ఈ రెండింటి తేడా, మొత్తం కూడా కొత్త ధ్వనులుగా పుడతాయి. తేడా 100, మొత్తం 500. ఈ 100 అనేది అదే షడ్జం, ఒక స్థాయి కింద. అంటే మీటనే మీటని మంద్ర షడ్జం దానంతట అదే వినిపిస్తుంది. 100, 200, 300, 500 అన్నీ ఒకే కుటుంబం. అందుకే ధ్వని గంభీరంగా, నిండుగా ఉంటుంది. ఇప్పుడు పంచమం స్థానంలో అంతర గాంధారం పెట్టి చూడండి. గిటార్ శ్రుతిలో దాని విలువ సుమారు 252. తేడా 52, మొత్తం 452. ఇవి 200తో కలిసిపోవు. ధ్వని చిక్కబడి గజిబిజి అవుతుంది. కాబట్టి మెటల్ గిటారిస్టు గాంధారాన్ని వదిలేయడం వెనుక భౌతికశాస్త్రం ఉంది.

వదిలేసిన గాంధారం మరో దారిలో తిరిగి వస్తుంది. ఇద్దరు గిటారిస్టులు ఒకే బాణీని గాంధార దూరంలో జంటగా వాయిస్తారు. ఒకరు స రి గ వాయిస్తే మరొకరు గ మ ప వాయిస్తారన్నమాట. ఎనభైల ఐరన్ మెయిడెన్ పాటల్లో ఈ జంట గిటార్లు ప్రసిద్ధం. ఇక లయలో ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు కలిపి "తా తక, తా తక" అంటూ గుర్రం పరుగును తలపించే నడక ఉంటుంది. వీటికి తోడు రెండు కాళ్లతో వాయించే పెద్ద డ్రమ్ము.

ఎనభైల బాణీ అంటే పాత రికార్డుల మీది దుమ్ము కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అది ఒక వ్యాకరణం. నేర్చుకుంటే వస్తుంది. నేర్చుకున్నవాడు అందులో కొత్త వాక్యాలు రాయగలడు.

ఎదురీత

హామర్‌ఫాల్ పుట్టిన కాలాన్ని గమనించండి. 1991లో అమెరికా బృందం నిర్వాణ విజయంతో శ్రోతల అభిరుచి మారింది. కత్తులు, కవచాలు, తారస్థాయి గానం పాతబడ్డాయి. జూడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ 1992లో, ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1993లో తమ బృందాలను విడిచిపెట్టారు. గురువులే వేదిక దిగిపోయిన ఆ 1993లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో గిటారిస్టు ఆస్కర్ డ్రోన్యాక్ తన పాత బృందాన్ని వదిలి హామర్‌ఫాల్‌ను ప్రారంభించాడు.

ఇందులో మరొక విశేషం ఉంది. అప్పుడు గోథెన్‌బర్గ్ పూర్తిగా కొత్తరకం మెటల్‌కు కేంద్రం అవుతోంది. గర్జన వంటి గొంతుకు మధురమైన గిటార్ బాణీలు కలిపే ఆ పద్ధతికి తర్వాత ఆ నగరం పేరే వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన ఇన్ ఫ్లేమ్స్ బృందానికి చెందిన యెస్పర్ స్ట్రోంబ్లాడ్ హామర్‌ఫాల్‌లో తొలినాళ్ల డ్రమ్మర్. డార్క్ ట్రాంక్విలిటీ బృందానికి చెందిన మికాయెల్ స్టానె తొలినాళ్ల గాయకుడు. కొత్త సంగీతాన్ని సృష్టిస్తున్న యువకులే తీరిక వేళల్లో పాత సంగీతాన్ని ఇష్టంగా వాయించుకునేవారు. కొత్తది చేతకాక పాతదాన్ని పట్టుకున్నవారు కారు.

1996లో ఈ బృందం స్థానిక సంగీత పోటీలో సెమీఫైనల్‌కు చేరింది. స్టానె రాలేని పరిస్థితి ఏర్పడి, యోఅకిమ్ కాన్స్ అనే గాయకుణ్ణి పిలిచారు. ఆయనే బృందానికి స్థిరమైన గొంతు అయ్యాడు. 1997లో మొదటి ఆల్బమ్ 'గ్లోరీ టు ది బ్రేవ్' వచ్చింది. తీరిక వేళల సరదాగా మొదలైనది అసలు వృత్తిగా మారింది. 2000లో వచ్చిన 'రెనిగేడ్' ఆల్బమ్ కోసం వాళ్లు అమెరికాలోని నాష్‌విల్‌లో మైఖేల్ వాగెనర్ దగ్గరికి వెళ్లారు. ఆయన ఎనభైల్లో యాక్సెప్ట్ వంటి బృందాలకు ధ్వనిని తీర్చిన నిపుణుడు. ఆ కాలపు ధ్వని కావాలంటే ఆ కాలపు పనివాడి దగ్గరికే వెళ్లి పనిచేశారన్నమాట.

2002 నాటి 'హార్ట్స్ ఆన్ ఫైర్' పాట కథ మరీ వింతైనది. మంచుమీద రాయిని జార్చి ఆడే కర్లింగ్ అనే క్రీడలో స్వీడన్ మహిళల జట్టుతో కలిసి 2006లో ఈ పాటను మళ్లీ చిత్రీకరించారు. అదే ఏడాది ఇటలీలోని టురిన్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఆ జట్టు స్వర్ణం గెలిచింది. పాతబడిందని పక్కన పెట్టిన బాణీ ఒక దేశం తన క్రీడాకారిణుల కోసం పాడుకునే పాట అయింది. బృందం 2024లో కూడా 'అవెంజ్ ది ఫాలెన్' పేరుతో కొత్త ఆల్బమ్ తెచ్చింది.

స్వీడన్‌లోనే ఎందుకు?

ఇది చలి ప్రభావమో, జాతి లక్షణమో కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి దశాబ్దాల్లో స్వీడన్ పురపాలక సంఘాలు సంగీత పాఠశాలలు నడిపాయి. పిల్లలకు ఉచితంగానో, కొద్దిపాటి రుసుముతోనో వాద్యాలు నేర్పాయి. ప్రభుత్వ సహాయం పొందే అధ్యయన సంఘాలు కుర్ర బృందాలకు సాధన చేసుకునే గదులు సమకూర్చాయి. ప్రతిభ అన్నిచోట్లా పుడుతుంది. వాద్యం, గది, నేర్పేవారు ఉన్నచోట నిలుస్తుంది. చిన్న ఊళ్లలో ఉన్న మీకు ఇది ముఖ్యమైన మాట. కేబుల్ పాటను చేరుస్తుంది, వాద్యాన్ని చేతికివ్వదు. బడిలో ఒక హార్మోనియం, ఒక గిటార్, తాళం వేయని ఒక గది ఉండడం ఎంత అవసరమో ఆలోచించండి.

మన పాటల సంగతి

ఎనభైలమీద మోజు తెలుగువారికీ తక్కువ లేదు. 1982లో వచ్చిన 'దేవత' చిత్రంలో చక్రవర్తి స్వరపరచిన 'ఎల్లువొచ్చి గోదారమ్మ' పాట, ఇసుక తిన్నెలమీద బిందెల వరుసలతో సహా, 2019లో 'గద్దలకొండ గణేష్' చిత్రంలో మళ్లీ వచ్చింది. 1988 నాటి 'యముడికి మొగుడు'లో రాజ్-కోటి చేసిన 'అందం హిందోళం' 2016లో 'సుప్రీమ్' చిత్రంలో కొత్త హంగులతో వినిపించింది. ఇవి వినోదం పంచాయి, పాత పాటలను కొత్త తరానికి పరిచయం చేశాయి. అది మంచిదే.

అయితే హామర్‌ఫాల్ పద్ధతికీ దీనికీ తేడా ఉంది. హామర్‌ఫాల్ కూడా పెద్దల పాటలు పాడింది. మొదటి ఆల్బమ్‌లోనే అమెరికా బృందం వార్‌లార్డ్ ఎనభైల్లో చేసిన పాట ఒకటి ఉంది. కాని ఆల్బమ్‌లో మిగిలినవి దాదాపు అన్నీ సొంత పాటలు. మన రీమిక్స్ ఒక పాటను తిరిగి తెచ్చుకుంటుంది. హామర్‌ఫాల్ ఆ పాటలు పుట్టిన పద్ధతినే తిరిగి తెచ్చుకుంది. మామిడిపండు కొని తినడానికీ, మామిడి అంటు కట్టడానికీ ఉన్నంత తేడా ఇది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. పాత వ్యాకరణంలో కొత్త పాట పుడుతోందా? పుడితే అది సంప్రదాయం. పుట్టకపోతే అది జ్ఞాపకం మాత్రమే.

జ్ఞాపకం వదిలేసేవి

చివరగా ఒక హెచ్చరిక. పాతకాలం మీది మమకారం అన్నింటినీ గుర్తుపెట్టుకోదు, కొన్నింటినే ఏరుకుంటుంది. 1986లో స్వీడన్ బృందం యూరప్ పాడిన 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' ప్రపంచమంతా మోగింది. అదే ఏడాది ఫిబ్రవరి 28న స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మె నడివీధిలో హత్యకు గురయ్యారు. ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణుప్రమాదం జరిగి రేడియోధార్మిక ధూళి స్వీడన్ మీద కూడా పడింది. ఎనభైల బాణీ వింటే ఇవేవీ గుర్తుకు రావు. హామర్‌ఫాల్ పాటల్లోని వీరులు, సమ్మెటలు కూడా చరిత్రలోని మధ్యయుగాలవి కావు, ఊహలోని మధ్యయుగాలవి.

మన సంగతీ అంతే. 1982 పాటలో గోదావరి వెల్లువ ఒక ఆట, ఒక పులకింత. 1986 ఆగస్టులో వచ్చిన వెల్లువకు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఊళ్లు మునిగాయి. పాట అబద్ధమని కాదు, పాట చెప్పినదే మొత్తం కాదని. పాటను ప్రేమిస్తూనే ఈ మాట గుర్తుపెట్టుకోగలిగినవాళ్లు మంచి శ్రోతలు, మంచి చరిత్ర విద్యార్థులు.

సంగ్రహంగా మూడు మాటలు. ఒక కాలపు బాణీ ఒక వ్యాకరణం, దాన్ని నేర్చుకోవచ్చు. నలుగురూ వదిలేసిన వేళ ఇష్టంగా నేర్చుకున్నవారి వల్లే అది బతుకుతుంది. బతికించేటప్పుడు ఆ కాలం నిజాన్ని మరచిపోకూడదు.

ఇప్పుడు మీకొక పని. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం, మలయాళం, నికోబారీ మాట్లాడేవారు మీ పక్క బెంచీల మీదే ఉంటారు. ఎనభైల్లో యువకులుగా ఉన్న పెద్దలు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటారు. అమ్మమ్మనో, తాతయ్యనో, పక్కింటి పెద్దమ్మనో రెండు విషయాలు అడగండి. అప్పుడు ఏ పాట వినేవారు, ఎలా వినేవారు? ఆ ఏడాది మన ఊళ్లో ఏం జరిగింది? రెండు జవాబులూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. తరువాత ఆ పాట నడకను చేత్తో తాళం వేస్తూ పట్టుకోండి. అదే నడకలో మీ ఊరి గురించి నాలుగు పంక్తులు సొంతంగా కట్టండి. బాగుందా లేదా అన్న విచారం తర్వాత. ముందు కట్టండి.

సెలవు.