బూరె తోపు, ఇనుప రేణువు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పనేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. భోజనాల వేళ దగ్గర పడింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

కాగితం మీద ఇనుప రజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి బలరేఖలు చూడటం మన బడిలో అందరం చేసిందే. ఆ రజనుకు బదులు 5 మైక్రాన్ల గుండ్రటి ఇనుప రేణువులు తీసుకుందాం. అంటే మిల్లీమీటరులో రెండు వందలో వంతు. వాటిని నూనెలో కలిపితే నల్లటి ద్రవం వస్తుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే రేణువులు గొలుసులు కట్టి, కొన్ని మిల్లీ సెకన్లలో ద్రవం వెన్నముద్దలా బిగుసుకుంటుంది. అయస్కాంతం తీసేస్తే మళ్లీ పారుతుంది. తీగచుట్టలో కరెంటు పెంచి తగ్గించి ఆ బిగువును మన చేతిలో పెట్టుకోవచ్చు. 1940ల చివర్లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో జేకబ్ రాబినో ఈ సూత్రంతో క్లచ్ తయారుచేశారు. ఇవాళ ఇది కార్ల షాక్ అబ్జార్బర్లలో ఉంది, కొన్ని కృత్రిమ మోకాళ్లలో ఉంది. టోక్యోలో 2001లో తెరిచిన మిరాయికాన్ అనే సైన్సు మ్యూజియం భవనంలో, భూకంపపు ఊపును తట్టుకోవడానికి 30 టన్నుల బలమున్న డ్యాంపర్లు పెట్టారు. వాటిలో ఉన్నదీ ఈ ద్రవమే.

మరి చిక్కు ఎక్కడ? ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. కలిపి పెడితే ముక్కా పిండీ అడుక్కి దిగి, నూనె పైకి తేలుతుంది. మూడో రోజు అమ్మ తిరగకలుపుతుంది. ఇనుము సాంద్రత 7.8, నూనెది ఒకటి లోపే. అందుకే ఇనుమూ దిగుతుంది. కారు రోజూ కదులుతుంది కాబట్టి దానంతట అదే కలుస్తుంది. భూకంపం కోసం కాచుకున్న డ్యాంపర్ మాత్రం ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంటుంది. దాన్ని తిరగకలిపేవాళ్లు ఎవరూ ఉండరు. అడుగున ఇనుము గడ్డకడితే, అవసరమైన ఆ ఒక్క రోజున అది పనిచేయదు. దీనికి తోడు చెమ్మ తగిలితే తుప్పు, రాపిడికి అరుగుదల.

అందుకని ఒక్కో రేణువుకూ పాలిమర్ పూత వేస్తాం. పాలీస్టైరీన్, యాక్రిలిక్ లాంటివి. పూత మందం ఎంత ఉండాలన్నదే మా పనిలో అసలు తగువు. బూరెలు వండినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తోపు పలచనైతే పూర్ణం నూనెలోకి చీదుతుంది. చిక్కనైతే పిండి తప్ప తీపి తగలదు.

గోళం ఘనపరిమాణం సూత్రంతో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా వేయగల లెక్క ఇది. 5 మైక్రాన్ల రేణువు చుట్టూ అర మైక్రాన్ పూత వేస్తే వ్యాసం 6 అవుతుంది. 6 ఘనం 216, 5 ఘనం 125. అంటే కొత్త రేణువులో ఇనుము నూటికి 58 పాళ్లే. మిగతాదంతా అయస్కాంతం మాట వినని ప్లాస్టిక్. పోనీ తేలికైంది కదా, నెమ్మదిగా దిగుతుంది అనుకుంటాం. సాంద్రత 5 దాకా పడిపోయిన మాట నిజమే. కానీ స్టోక్స్ సూత్రం ప్రకారం దిగే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండూ కలిపి లెక్కిస్తే వేగం తగ్గేది ఆరో వంతే. ఆ కాస్త కోసం నలభై పాళ్లకు పైగా ఇనుమును వదులుకోవడం నష్టబేరం.

పూతను 0.05 మైక్రాన్‌కు తగ్గిస్తే ఇనుము నూటికి 94 పాళ్లు ఉంటుంది. రేణువు అడుక్కి దిగడం ఆగదు. కానీ దిగినవి ఒకదానికొకటి అంటుకోవు, గడ్డకట్టవు. పిస్టన్ రెండు మూడు సార్లు కదిలితే చాలు, మళ్లీ నూనెలో కలిసిపోతాయి. తుప్పు కూడా బాగా తగ్గుతుంది. అంటే పూతను మేం అడగాల్సింది "దిగనివ్వకు" అని కాదు, "దిగినా విడిపోనివ్వు" అని.

ఇంత పలచటి పూతను రంగు పూసినట్టు పూస్తే రాపిడికి ఊడిపోతుంది. అందుకే వరినారు నాటినట్టు, పాలిమర్ గొలుసుల ఒక కొసను ఇనుము మీద రసాయన బంధంతో నాటుతాం. రెండో కొస నూనెలోకి చాచుకుని ఉండి, పక్క రేణువును దూరంగా ఉంచుతుంది. ఈ నాటు ఎన్ని లక్షల ఊపులకు నిలుస్తుందో చూడటమే నా రోజువారీ ఉద్యోగం. కృత్రిమ కాలితో మెట్లు దిగే మనిషి ఆ నాటు మీద భారం వేసి అడుగేస్తాడు.

చివరగా ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని సంఘంలో చర్చ నడుస్తోంది. స్వాగత తోరణం కట్టాలన్నవారి అభిమానాన్ని తక్కువ చేయను. నా ఓటు మాత్రం సైన్సు ల్యాబుకే. అద్దాల బీరువాలో తాళం వేసిన ల్యాబు వద్దు, పిల్లల చేతులు మసి అయ్యే ల్యాబు కావాలి. ఇనుప రజను, నూనె, అయస్కాంతం, మూతగల సీసా పెద్ద ఖర్చు కాదు. ఆ సీసాను నెల రోజులు కదపకుండా ఉంచి, తర్వాత అడుగు ఎందుకు గడ్డకట్టిందని పిల్లలే అడగాలి. మాలో ఆ అడిగే అలవాటు పెంచిన గురువులు ఈ ముందు వరుసలోనే కూర్చున్నారు.