ఖాజీ పుస్తకంలో కసాయివారి సంతకం



వృత్తి సంఘాల చరిత్రపై ప్రసంగించమని నిర్వాహకులు కోరారు. చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలూ గుర్తుకు వస్తాయి. మేము మాత్రం కసాయివారు, సబ్బు చేసేవారు, తోళ్ళు పదునుచేసేవారు న్యాయస్థానంలో రాయించుకున్న పుటలను గురించి చెప్పదలచాము.

ఉస్మానీ తుర్కుల ఏలుబడిలో జెరూసలేంలో, అనగా మనం బైతుల్ ముఖద్దస్ అని పిలుచుకునే నగరంలో, ప్రతి వృత్తికీ ఒక తాయిఫా, దానికొక షేఖ్ ఉండేవారు. వృత్తివారు తమ పెద్దను ఎంచుకొని ఖాజీ ఎదుటికి వెళ్ళేవారు. ఖాజీ ఆ నియామకాన్ని ధ్రువపరచి సిజిల్ అనే పుస్తకంలో ఎక్కించేవారు. మాంసం ధర, సరుకు నాణ్యత, ముడిసరుకు పంపకం, పరస్పర తగాదాలు అన్నీ అందులోకి చేరేవి. కసాయి వృత్తిలో ముస్లింలతోపాటు యూదులూ ఉండేవారు. వారి వ్యవహారాలూ ఆ ఖాజీ ముందుకే వచ్చేవి. 16వ శతాబ్దం మొదలుకొని సాగిన ఆ సంపుటాలు 400కు పైబడి మిగిలాయి. వాటి మైక్రోఫిల్మ్ ప్రతులు అమ్మాన్‌లోని జోర్డాన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వీటి ఆధారంగానే అమ్నోన్ కోహెన్ అనే చరిత్రకారుడు ఆ నగర వృత్తి సంఘాలపై 2001లో గ్రంథం వెలువరించారు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. సంఘాలు తమవద్ద ఉంచుకున్న కాగితాలు మిగలడం అరుదు. ఖాజీ పుస్తకంలోకి ఎక్కినవి నిలిచాయి. ఇస్తాంబుల్‌లో గెదిక్ అనే వృత్తిహక్కు సైతం నమోదు బలంతోనే చేతులు మారేది. గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు ఇది వింతగా తోచదు.

ఇక మన సంగతి. మన వృత్తుల పేర్లే ఒక విధంగా పత్రాలు. లద్దాఫ్ అనే మాట దూది ఏకేవాడనే అర్థమున్న అరబీ నద్దాఫ్‌కు రూపాంతరం. సూఫీ మన్సూర్ పేరులోని హల్లాజ్‌కూ అదే అర్థం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లు బి.సి.-బి జాబితాలో ఉన్నాయి. 2007 చట్టం అచ్చుకట్లవారు, అత్తరు సాయిబులు, హజాములు, ఖురేషీలు, రాళ్ళు కొట్టే తురక కాశలు మొదలైనవారిని బి.సి.-ఇ కింద చేర్చి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 వర్గాలకు అది కొనసాగింది. ఆ వ్యాజ్యమంతటా నలిగిన ప్రశ్న ఆధారాలదే. ఎవరు ఏ వృత్తివారు, ఎంత వెనుకబడినవారు అని అడిగితే మనం చూపేది తరచుగా 1909లో థర్స్టన్ దొర ప్రకటించిన 7 సంపుటాల వంటివే. మన గురించి ఇతరులు రాసినవి! మన సంఘాలు రాసుకున్నవి ఎక్కడ?

కుటుంబ స్థాయిలో ఇదే చిక్కు మరింత బాధిస్తుంది. తాత చదివిన బడి రిజిస్టరులో కులం గడిలో ‘ముస్లిం’ అనో ‘సాయిబు’ అనో రాసి వదిలేస్తారు. మనవరాలు కళాశాల సీటు కోసం ధ్రువపత్రం అడిగినప్పుడు ఆ ఒక్క మాట అడ్డుపడుతుంది. కౌన్సెలింగ్ తేదీ ఎవరి కోసమూ ఆగదు. అటువంటి పిల్లల వెంట కార్యాలయాల చుట్టూ తిరిగాం గనుక చెబుతున్నాం.

నేటి మన ఖాజీ పుస్తకం సొసైటీల రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంది. 2001 చట్టం ప్రకారం రిజిస్టరైన సంఘం ఏటా కార్యవర్గ జాబితాను అక్కడ దాఖలు చేయాలి. చాలా సంఘాలు మొదటి ఏడు చేసి మరచిపోతాయి. ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో పిసరంత కూడా దీనికి అక్కరలేదు.

వచ్చే సమావేశానికి మీ ఇళ్ళలోని పాత మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు, ఉర్సు లెక్కలు, అంగడి లైసెన్సులు తీసుకురండి. ఉర్దూలో ఉన్నా, మోడువారినా, చెదలు తిన్నా సరే. అసలు మీ దగ్గరే ఉంటాయి. మేము ఫొటో తీసి, ఊరు, వృత్తి, సంవత్సరం వారీగా పట్టీ రాసి ఒక ప్రతిని మీకే ఇస్తాం.