మెడికల్ బుక్ లేనివాళ్ల సంగతి

భిలాయి ఉక్కు కర్మాగారపు తొలితరం తెలుగు కార్మికుల స్మారకోపన్యాసం
స్మృతి నగర్, భిలాయి



1955 ఫిబ్రవరిలో ఈ ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుంచి మనవాళ్లు ఈ నేలకు వచ్చారు. తట్టలు మోశారు, రాడ్లు వంచారు, కొలిమి దగ్గర నిలబడ్డారు. ఈ ఉపన్యాసం వారి పేరున జరుగుతోంది. అందుకే వారి బతుకుతో పెనవేసుకున్న విషయాన్నే తీసుకున్నాను. వైద్యం ప్రజలందరికీ ప్రభుత్వ బాధ్యతగా అందాలా, ఎవరి స్తోమత కొద్దీ వారు కొనుక్కునే ప్రైవేటు బీమాకు వదిలేయాలా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. జబ్బు చేసిన మనిషి జేబు తడుముకోకుండా ఆసుపత్రి గడప తొక్కడం మన దేశంలో సాధ్యమేనని భిలాయి దశాబ్దాలుగా చూపిస్తోంది. అయితే ఆ హక్కును కంపెనీ హాజరుపట్టీలో పేరున్నవారికే ఇచ్చింది. దాన్ని పేరు లేనివారికి కూడా చేర్చడమే ఇప్పుడు మన ముందున్న పని.

సెక్టార్ 9 నేర్పిన పాఠం

సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి తెలియని ఇల్లు ఈ కాలనీలో ఉండదు. ఉద్యోగి చేతిలో మెడికల్ బుక్ ఉంటే భార్యాపిల్లలకూ, ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం దొరికేది. అధికారికీ ఖలాసీకీ వార్డు వేరు కావచ్చు గాని, ఆపరేషన్ బల్ల ఒకటే, సర్జన్ ఒక్కరే. అక్కడి డాక్టరుకు జీతం ఉంటుంది. రోగికి అదనంగా స్కానింగు రాసినా, రాయకపోయినా ఆ జీతం మారదు. అందువల్ల అవసరమైన పరీక్షే రాయాలన్న నిజాయితీ ఆ ఏర్పాటులోనే ఇమిడి ఉంది.

ఆ ఆసుపత్రికి కాలిన గాయాల విభాగం వల్ల గొప్ప పేరొచ్చింది. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైను ప్రమాదం జరిగినప్పుడు గాయపడినవారిని చేర్చింది అక్కడికే. కాలిన రోగి వారాల తరబడి మంచం మీదే ఉంటాడు. డ్రెస్సింగులు, చర్మం అతికించే ఆపరేషన్లు, ఇన్ఫెక్షన్ సోకకుండా కాపాడే గదులు, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సులు కావాలి. లాభం లెక్కలు వేసుకునేవారు ఇలాంటి విభాగాన్ని చివర పెడతారు. భిలాయిలో మాత్రం కొలిమి ఉంది కాబట్టి కాలిన గాయాలకు చికిత్సా ఉండాలనుకున్నారు. మనుషులకు ఏ జబ్బులు వస్తాయో చూసుకుని ఆసుపత్రి కట్టడమే ప్రజావైద్యం. ఏ జబ్బుకు డబ్బు వస్తుందో చూసి కట్టడం మరో దారి.

కాని ఇదే కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగులు తగ్గుతూ, ఠేకా (కాంట్రాక్టు) కార్మికులు పెరుగుతూ వచ్చారు. ఇద్దరిదీ ఒకే వేడి, ఒకే దుమ్ము. ఠేకా కార్మికుడి చేతిలో గేట్ పాస్ ఉంటుంది, మెడికల్ బుక్ ఉండదు. అతనికి ఈఎస్ఐ ఉంది, నిజమే. 1948 చట్టంతో పుట్టిన ఆ కార్మిక బీమా ఏర్పాటు గొప్పదే. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. కాని నెలకు 21,000 రూపాయల జీతపు పరిమితి 2017 నుంచి కదలలేదు. జీతం కాస్త పెరిగిందంటే మనిషి పథకం నుంచి జారిపోతాడు. ఇక అదే కార్మికుడి భార్య ఇళ్లలో పాచిపని చేస్తుంటే, తమ్ముడు బండి మీద కూరగాయలు అమ్ముతుంటే, వారి సొంత పనికి ఏ ఈఎస్ఐ రక్షణా లేదు.

బీమా చేసేదీ, చేయలేనిదీ

బీమాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1986లో ప్రభుత్వ రంగ కంపెనీలు మెడిక్లెయిమ్ తెచ్చాయి. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు రంగంలోకి వచ్చాయి. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్మకుండా గట్టెక్కిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రిటైరైన మనవారిలో చాలామందికి ఈ కర్మాగారపు యాజమాన్య సంస్థ సెయిల్ మెడిక్లెయిమ్ ధైర్యాన్నిచ్చింది. రాయపూర్‌లోనో, హైదరాబాదులోనో తమకు నచ్చిన ఆసుపత్రికి వెళ్లే వెసులుబాటు విలువైనదే. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ కోసం గంటలు నిలబడినవారు ఈ మాట అంటే కాదనగల హక్కు ఎవరికీ లేదు.

అయినా బీమా స్వభావం గమనించండి. వ్యాపారంగా నడిచే బీమాకు ఆరోగ్యవంతుడు లాభం, రోగి ఖర్చు. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. అంటే సంపాదన ఆగిపోయి, జబ్బులు మొదలయ్యే వయసులోనే ధర ఎక్కువ. పాత జబ్బులకు వేచి ఉండవలసిన గడువును 2024లో నియంత్రణ సంస్థ నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అన్ని వయసులవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలని చెప్పింది. మంచి మార్పులే. కాని పాలసీ అమ్మాలని చెప్పినంత మాత్రాన దాన్ని కొనే శక్తి రాదు కదా.

మరో సంగతి. మన ఇళ్లలో నెలనెలా డబ్బు పోయేది షుగరు మాత్రలకు, బీపీ మాత్రలకు, రక్తపరీక్షలకు, డాక్టరు ఫీజుకు. మామూలు పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పలుకుతుంది. షుగరు అదుపులో ఉంచడానికి రూపాయి ఇవ్వని ఏర్పాటు, కిడ్నీలు చెడిన తర్వాత లక్షలు ఇస్తానంటుంది.

ఆరోగ్యశ్రీ చెప్పిన రెండు నిజాలు

ప్రభుత్వమే ప్రీమియం కడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. దీనికి మన తెలుగు నేలే ప్రయోగశాల అయింది. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. మనలో చాలామంది పుట్టిన జిల్లా అందులో ఉంది. కార్పొరేట్ ఆసుపత్రి గేటు లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని కూలి కుటుంబం బిడ్డకు గుండె ఆపరేషన్ చేయించగలిగింది. పుట్టుచెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు వచ్చాయి. ఆ మేలును మరిచిపోతే అది కృతఘ్నతే అవుతుంది. మొదట బీమా కంపెనీ ద్వారా నడిచిన పథకాన్ని తర్వాత ప్రభుత్వ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతికి మార్చారు.

రెండో నిజం కూడా చెప్పుకోవాలి. పెద్ద ఆపరేషన్లకు డబ్బు ఆసుపత్రులకు వెళ్తుంటే, ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మందూ మాకూ లేక వెలవెలబోయింది. బకాయిలు రాకపోతే సేవలు ఆపేస్తామని ప్రైవేటు ఆసుపత్రులు హెచ్చరించడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆపరేషన్‌కు ధర కట్టినచోట అక్కర్లేని ఆపరేషన్లు జరిగే ప్రమాదమూ ఉంది. 2012లో మన ఛత్తీస్‌గఢ్‌లోనే స్మార్ట్‌కార్డు పథకం డబ్బు కోసం పేద స్త్రీలకు గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు దేశమంతా మారుమోగాయి. కొందరు వైద్యుల లైసెన్సులు సస్పెండయ్యాయి. కార్డు ఇచ్చినంత మాత్రాన రక్షణ ఇచ్చినట్టు కాదు.

కార్మికులు చూపిన బాట

మన కర్మాగారానికి ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ రాజ్‌హరా గనుల నుంచి. అక్కడి ఠేకా గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘం కట్టారు. 1977 జూన్‌లో పోలీసు కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. వారి పేరున కార్మికులు చందాలు వేసుకుని, శ్రమదానం చేసి, 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరిచారు. బినాయక్ సేన్, శైబాల్ జానా వంటి వైద్యులు అక్కడ పనిచేశారు. మెడికల్ బుక్ లేనివారు చేతులు కట్టుకుని కూర్చోలేదు, తమ ఆసుపత్రి తామే కట్టుకున్నారు. నియోగి 1991 సెప్టెంబర్ 28న హత్యకు గురయ్యారు, ఆసుపత్రి మాత్రం నిలిచింది.

సముద్రాల అవతల వేల్స్‌లో ట్రెడెగర్ అనే ఇనుము, బొగ్గు కార్మికుల పట్టణం ఉంది. అక్కడి కార్మికులు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే జీతంలో కొంత తీసి వైద్య సహాయ సంఘం నడిపారు. ఆ ఊళ్లో పుట్టి, గనిలో పనిచేసిన అన్యురిన్ బెవన్ బ్రిటన్ ఆరోగ్యమంత్రి అయ్యారు. తన ఊరి పద్ధతిని దేశానికంతా విస్తరించడమే ఆయన ఆశయం. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ఒక కార్మిక పట్టణపు అనుభవం దేశానికి చట్టమైంది. భిలాయి అనుభవం మాత్రం భిలాయిలోనే ఆగిపోయింది. డబ్బు కట్టలేదన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించరాదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది గాని, మనం ఆ మాటను నివేదికలోనే ఉంచాం.

డబ్బు ఎక్కడిది?

ఇది న్యాయమైన ప్రశ్న. థాయిలాండ్ సంపన్న దేశం కాదు. అయినా 2002లో 30 బాట్ల నామమాత్రపు రుసుముతో ప్రజలందరికీ వైద్యం మొదలుపెట్టింది. మన దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం చేతి నుంచి పోయేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. మంచి తగ్గుదలే. అయినా అదే ఏడు ప్రభుత్వాలు ఆరోగ్యంపై పెట్టిన ఖర్చు జీడీపీలో 1.84 శాతమే. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా 2.5 శాతం చేస్తామంది. వైద్యం ఖర్చు ఎవరో ఒకరు ఎలాగూ భరిస్తున్నారు. జబ్బు పడినవాడు ఒంటరిగా భరించాలా, సమాజం పన్నుల రూపంలో కలిసి పంచుకోవాలా అన్నదే తేల్చుకోవాలి.

మనం చేయవలసినవి

మొదట, మందులూ పరీక్షలూ ఔట్‌పేషెంటు వైద్యమూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా అందాలి. ఛత్తీస్‌గఢ్ 2002లోనే మితానిన్ ఆరోగ్య కార్యకర్తలను గడపగడపకూ పంపి, దేశానికి ఆశా కార్యకర్తల దారి చూపింది. ఆ రాష్ట్రానికి ఇది అసాధ్యం కాదు. రెండు, ఈఎస్ఐ జీతపు పరిమితి పెరగాలి. ఈఎస్ఐ చెల్లింపుతో కంపెనీ ఆసుపత్రి తలుపులు ఠేకా కార్మికుల కుటుంబాలకు మామూలు జబ్బులకు కూడా తెరుచుకోవాలి. మూడు, ప్రభుత్వ పథకం డబ్బు ముందు ప్రభుత్వ ఆసుపత్రులను నిలబెట్టాలి, ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రతి ఆపరేషన్‌పై తనిఖీ ఉండాలి. ప్రైవేటు బీమా ఉండనివ్వండి, విడి గది కోసమో మరింత సౌకర్యం కోసమో కొనుక్కునేవారు కొనుక్కుంటారు. ప్రాణం నిలిపే వైద్యం మాత్రం దాని దయ మీద ఆధారపడకూడదు.

ఇక మన ఇంటి పని. 2024 అక్టోబర్ చివరి నుంచి డెబ్బై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ ఆరోగ్య పథకానికి అర్హులు. మన పెద్దలతో పాటు, మన ఇళ్లలో పనిచేసే అమ్మకూ, కాలనీ చౌకీదారుకూ, వారి ఇంటి పెద్దలకూ అర్హతను బట్టి ఆ పథకం కార్డులు ఇప్పించే బాధ్యత ఈ కాలనీ చదువుకున్నవారు తీసుకోవాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ జిల్లా ఆసుపత్రి పడకల గురించి, డాక్టర్ల ఖాళీల గురించి నిలదీయాలి.

మన తొలితరం వారు సంఘం కట్టి, బేరమాడి, సమ్మె చేసి తమ పిల్లలకు వైద్యాన్ని హక్కుగా సంపాదించిపెట్టారు. ఆ ఫలం తిన్నవాళ్లం మనం. అదే హక్కు పక్కవాడి పిల్లలకు కూడా దక్కేదాకా పోరాడితేనే వారి రుణం తీరుతుంది. ఆ పనికి ఈ సభ నుంచే పూనుకుందాం.