క్రిప్టో పెట్టుబడి: పోయిన సొమ్ముకు పూచీ ఎవరిది?

క్రిప్టో కరెన్సీలో పెట్టిన సొమ్ముకు పూచీపడేవారు లేరు. బ్యాంకు దివాలా తీస్తే ఖాతాదారుకు డిపాజిట్ బీమా కింద 5 లక్షల రూపాయల వరకు వస్తుంది. షేర్ల బ్రోకరు మోసం చేస్తే సెబీకి ఫిర్యాదు చేయవచ్చు. బిట్‌కాయిన్ కొన్నవారికి అలాంటి గడప లేదు. క్రిప్టో వ్యాపారులకు సేవలు నిలిపివేయాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో బ్యాంకులను ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. క్రిప్టో కొనడం నేరం కాదు. అలాగని అది చట్టబద్ధమైన డబ్బూ కాదు. పట్టా పుచ్చుకుని తొలి జీతం అందుకునే యువత ముందున్న పరిస్థితి ఇదే.

ధరల ఊగిసలాట అందరికీ తెలిసిందే. 2021 నవంబర్‌లో 69,000 డాలర్ల దరిదాపులకు వెళ్లిన బిట్‌కాయిన్ ఏడాది తిరక్కుండా 16,000 దిగువకు పడింది. తర్వాత కోలుకుంది. 2022 మేలో కుప్పకూలిన లూనా అనే కాయిన్ మాత్రం కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నాకు చేరింది.

ధర పడకుండానే సొమ్ము చిక్కుకుపోయే ప్రమాదం అంతకన్నా పెద్దది. వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో 2024 జులై 18న జరిగింది అదే. కాయిన్లు దాచిన వాలెట్ నుంచి సొమ్ము కదలాలంటే ఒకరికన్నా ఎక్కువ మంది సంతకాలు చేయాలి. తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, నిజంగా సంతకం పడింది మరొకదానిపై అని సంస్థ తర్వాత చెప్పింది. దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు తరలిపోయాయి. కస్టమర్లకు క్రిప్టో ఉపసంహరణలు ఆగిపోయాయి. వ్యవహారం సింగపూర్ కోర్టుకు చేరింది. ట్రేడింగ్ మళ్లీ మొదలైంది 2025 అక్టోబర్‌లోనే. ఫోన్‌లో బ్యాలెన్స్ అంకె కనిపిస్తోందంటే కాయిన్లు చేతిలో ఉన్నట్టు కాదన్నమాట.

పన్ను సంగతి చాలామంది రిటర్న్ వేసే రోజు దాకా పట్టించుకోరు. 2022 బడ్జెట్ ప్రకారం క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉంటాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసివేయడం కుదరదు. ఒకదానిపై లక్ష రూపాయల లాభం, ఇంకోదానిపై 80,000 నష్టం వచ్చాయనుకుంటే చేతిలో మిగిలేది 20,000. కట్టాల్సిన పన్ను 31,200. లెక్క తేలేసరికి జేబులోంచి 11,200 పోతుంది. నష్టాన్ని మరుసటి ఏడాదికి మోసుకెళ్లడానికీ వీల్లేదు. ప్రభుత్వం లాభంలో వాటాదారు, నష్టంలో కాదు.

మోసాలకు తెలంగాణలో ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. 2024లో నిర్మల్ జిల్లాలో బయటపడ్డ యూబిట్ కాయిన్ గొలుసుకట్టు దందాలో అరెస్టయినవారిలో ప్రభుత్వ ఉపాధ్యాయులూ ఉన్నారు. తెలిసినవారి మాటే అక్కడ ప్రకటనగా పనిచేసింది. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల మోసాన్ని బయటపెట్టారు. అందులో బాధితులు క్రిప్టో కొనాలని వెళ్లినవారు కారు. టెలిగ్రామ్‌లో రేటింగులు ఇస్తే డబ్బులొస్తాయని నమ్మినవారు. ముందు చిన్న మొత్తం పెట్టిస్తారు, లాభం చేతికిస్తారు, నమ్మకం కుదిరాక లక్షలు లాగుతారు. అలా పోగైన సొమ్ము బ్యాంకు ఖాతాలు దాటి దుబాయ్ మీదుగా క్రిప్టోగా మారి చైనాలోని సూత్రధారులకు చేరిందని పోలీసులు చెప్పారు.

2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వద్ద నమోదు చేసుకోవాల్సి వస్తోంది. అది నల్లధనంపై నిఘా కోసమే తప్ప కొనుగోలుదారుకు బీమా కాదు. మోసపోయినవారు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే, బ్యాంకు ఖాతాల్లో ఇంకా నిలిచివున్న సొమ్మును ఫ్రీజ్ చేయించే వీలుంటుంది. కాయిన్లుగా మారి మోసగాడి సొంత వాలెట్‌లోకి వెళ్లిపోయాక, ఫ్రీజ్ చేయమనే ఆదేశం అందుకోవడానికి మధ్యలో బ్యాంకంటూ ఉండదు.